రెండు పొయ్యిలు, ఒక గంట

వంట రాదని చెప్పేవాళ్ళలో చాలామందికి వంటలు వచ్చు. ఆమ్లెట్ వేస్తారు, పప్పు చేస్తారు, యూట్యూబ్ చూసి దమ్ బిర్యానీ దింపేసిన ఘనులు కూడా ఉన్నారు. వాళ్ళకు రానిది భోజనం. అన్నం, పప్పు, ఒక వేపుడు, కాస్త చారు, ఇవన్నీ వేడివేడిగా ఒకేసారి కంచంలోకి వచ్చేలా చూసుకోవడం. వీడియోలో ఒక్క వంటకమే ఉంటుంది. ముక్కలన్నీ ముందే తరిగి గాజు గిన్నెల్లో ముచ్చటగా సర్ది ఉంటాయి, ఆ గిన్నెలు తర్వాత ఎవరు తోముతారో చూపించరు. దాన్ని నమ్ముకుని బరిలోకి దిగితే పప్పయ్యేసరికి ఏడున్నర, వేపుడు దించేసరికి ఎనిమిదింపావు, బియ్యం కడగలేదన్న సంగతి అప్పుడు గుర్తొస్తుంది. తొమ్మిదింటికి నీరసమొచ్చి ఫోన్ తీసి ఆర్డర్ పెట్టేస్తారు.

అందుకని ఈ అధ్యాయంలో కొత్త వంటకమేదీ నేర్పడం లేదు. ఇద్దరికి సరిపడా మామూలు తెలుగు భోజనాన్ని రెండు పొయ్యిల స్టవ్ మీద గంటలో దించడం ఎలాగో చూద్దాం. టమాటా పప్పు, బెండకాయ వేపుడు, చారు, అన్నం. పెరుగు నిన్న రాత్రి తోడేసింది. ఊరగాయ ఎలాగూ ఇంటి నుంచి వచ్చి ఉంటుంది.

వంటింటి పనులు రెండు రకాలు. కొన్నిటికి మనం దగ్గరుండాలి: తరగడం, వేయించడం, పోపు పెట్టడం. కొన్ని వాటంతట అవే అవుతాయి: నానడం, ఉడకడం, కుక్కర్లో ఆవిరి దిగడం, పాలు తోడుకోవడం. చెయ్యి తిరిగినవాళ్ళు ఈ రెండో రకాన్ని ముందు కదిలించేసి, అవి నడుస్తుండగా మొదటి రకం చక్కబెడతారు. కొత్తవాళ్ళు ఉల్లిపాయలు తరుగుతూ కూర్చుంటారు, అంతసేపూ పొయ్యి ఖాళీ. మా పెద్దమ్మ వంటింట్లో అడుగు పెడుతూనే ఏదో ఒకటి నానబోసేది. ఏం వండాలన్నది ఆ తర్వాతి ఆలోచన.

సరుకుల సంగతి త్వరగా తేల్చేద్దాం. ఆవాలు, జీలకర్ర, మినప్పప్పు, ఎండుమిర్చి, పసుపు, ఇంగువ, కారం, ధనియాలు, మిరియాలు, చింతపండు, కందిపప్పు, వెల్లుల్లి, కరివేపాకు. గరం మసాలా, కసూరీ మేతి, అల్లం వెల్లుల్లి పేస్టు ఈ భోజనంలో ఎక్కడా రావు. ఆ పేస్టు ప్రతి కూరలోనూ వేసే అలవాటు ఈమధ్య బాగా ముదిరింది. వంకాయ తిన్నా చిక్కుడు తిన్నా ఒకే వాసన. కారం, ధనియాలు వంద గ్రాములకు మించి కొనకండి. కందిపప్పు కూడా అరకిలో చాలు, ఎందుకంటే బాగా నిలవున్న పప్పు కుక్కర్ ఎంత కూసినా పలుకుగానే మిగులుతుంది. మిరపకాయల్లో గుంటూరుది ఘాటు, బ్యాడగి రంగు. హోటల్ కూర ఎర్రగా నిగనిగలాడుతూ కూడా నోరు మండించలేదంటే అందులో బ్యాడగి లాంటిదేదో పడిందన్నమాట.

కొలతకు ఒకే ఒక్క గ్లాసు పెట్టుకోండి. రైస్ కుక్కర్‌తో పాటు వచ్చే కప్పు 180 మిల్లీలీటర్లు, వంట పుస్తకాల్లో కప్పంటే సాధారణంగా 240. బియ్యం చిన్నదాంతో, నీళ్ళు పెద్దదాంతో కొలిస్తే అన్నం ముద్దవుతుంది. ఆ చిన్న కప్పే గ్లాసనుకుని చెబుతున్నాను.

ఎనిమిదింటికి తినాలంటే ఏడింటికి మొదలు. అన్నిటికంటే ముందు పావుకిలో బెండకాయలు కడిగి, పాత తువ్వాలు మీద ఆరబెట్టండి. తరిగాక కడిగినా, తడిగా ఉండగా తరిగినా జిగురు తేలుతుంది. ఒకటిన్నర గ్లాసు బియ్యం, అర గ్లాసు కందిపప్పు విడివిడిగా కడిగి నానబోయండి. పెద్ద ఉసిరికాయంత చింతపండు వేడినీళ్ళలో పడేయండి. అప్పుడు కత్తిపీట ముందుకో, చాకు పట్టుకుని కౌంటర్ దగ్గరికో రావచ్చు. నాలుగు టమాటాలు, ఒక ఉల్లిపాయ, నాలుగు పచ్చిమిర్చి, చివరికి బెండకాయలు. ఇంట్లో ఇద్దరుంటే ఒకరు తరగండి, ఒకరు పొయ్యి చూసుకోండి. ఇద్దరూ పొయ్యి దగ్గరే నిలబడితే అక్కడ వంట కంటే తగువు ముందు ఉడుకుతుంది.

పప్పు దగ్గర కాస్త ఆగుదాం, మొదటిసారి వండేవాళ్ళు ఎక్కువగా దెబ్బతినేది అక్కడే కాబట్టి. టమాటా గానీ చింతపండు గానీ పచ్చి పప్పులో ముందే పడితే అది మెత్తబడడానికి మొరాయిస్తుంది. గింజ గోడల్ని కలిపి ఉంచే పెక్టిన్ అనే పదార్థం పులుపులో ఒక పట్టాన కరగదు. కఠినత్వం ఎక్కువగా ఉన్న బోరు నీళ్ళలోని కాల్షియం కూడా ఇలాంటి పనే చేస్తుంది. ఊళ్ళో మూడు విజిల్స్‌కి వెన్నలా అయ్యే పప్పు హైదరాబాదులో అద్దె గదికి మారగానే ఉడకడం మానేసిందని వాపోతుంటారు. తప్పు పప్పుది అనుకునే ముందు ఒకసారి క్యాన్ నీళ్ళతో ఉడికించి చూడండి.

కుక్కర్ అడుగున గ్లాసు నీళ్ళు పోసి అందులో రెండు గిన్నెలు, ఒకదాని మీద ఒకటి పెట్టాలి. కింది గిన్నెలో పప్పు, దానికి రెండున్నర రెట్లు నీళ్ళు, చిటికెడు పసుపు, అర చెంచా నూనె. నూనె పడితే నురుగు అంతగా పొంగదు, విజిల్ రంధ్రం మూసుకుపోదు. పై గిన్నెలో టమాటా, ఉల్లి, పచ్చిమిర్చి. దానికి నీళ్ళు అక్కర్లేదు. ఇలా పెడితే పప్పూ టమాటా ఒకే మంట మీద ఉడుకుతాయి, ఒకదాని జోలికి ఒకటి పోదు.

ఎన్ని విజిల్స్ అన్నది ప్రతి ఇంట్లో తేలని తగవు. మూడంటారొకరు, ఐదంటారొకరు. మంట పెంచితే కుక్కర్ గబగబా కూస్తుంది, తగ్గిస్తే ఎప్పటికో గానీ కూయదు, మరి లెక్క దేనికి పనికొచ్చినట్టు? తెరిచిన గిన్నెలో నీళ్ళు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి, బిగించిన కుక్కర్లో ఒత్తిడి వల్ల వేడి దాదాపు 120 డిగ్రీల దాకా పోతుంది. ఆ వేడి మీద పప్పు ఎంతసేపు ఉందన్నదే లెక్క. మొదటి విజిల్ రాగానే మంట సన్నగా చేసి, పన్నెండు నిమిషాలుంచి కట్టేయండి. నానిన పప్పుకి అది ధారాళం. గరిటెతో విజిల్ ఎత్తి ఆవిరి వదలకండి, దిగేదాకా మనకు వేరే పనుంది.

కుక్కర్ ఎక్కించినప్పుడే, అంటే ఏడుంపావు దాటగానే, పక్క పొయ్యి మీద వెడల్పాటి మూకుడు ఎక్కాలి. రెండు పెద్ద చెంచాల నూనె కాగాక బెండకాయ ముక్కలు. మూత పెట్టకూడదు, ఉప్పు వేయకూడదు. మూత పెడితే ఆవిరికి, ఉప్పు వేస్తే ఊరిన నీటికి, రెండు రకాలుగానూ జిగురే. కాసేపటికి ముక్కల మధ్య సాలెగూడు దారాల్లా సాగుతుంటే కంగారుపడి గరిటె తిప్పుతూ ఉంటారు. ఎంత తిప్పితే అంత చితుకుతాయి. రెండు నిమిషాలకొకసారి అడుగు నుంచి ఎత్తి తిరగేస్తే చాలు. పది నిమిషాలకు దారాలు తెగిపోతాయి, మూకుడు నిండుగా ఉన్న ముక్కలు సగానికి సగం కుంగుతాయి, అంచులు గోధుమ రంగుకు తిరుగుతాయి, గరిటె తగిలితే గలగలమని పొడి చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు విన్నాక ఉప్పు, కారం, చితక్కొట్టిన నాలుగు వెల్లుల్లి రెబ్బలు. ఇంకో రెండు నిమిషాలుంచి దించేయండి. ఇదివరకటి పరిమాణం చూసి ఉప్పు వేస్తే ఉప్పు కషాయమే, కుంగాక చూసి వేయాలి.

అన్నానికి ఎలక్ట్రిక్ కుక్కర్ ఉంటే బియ్యం గ్లాసుకు రెండు గ్లాసుల నీళ్ళు, పాత బియ్యమైతే పావు ఎక్కువ, కొత్త బియ్యమైతే పావు తక్కువ. స్విచ్ పైకి లేచాక పది నిమిషాలు మూత తీయకండి. ఎలక్ట్రిక్ కుక్కర్ లేకపోతే పప్పు కుక్కర్ దించిన పొయ్యి మీద ఎసరు పెట్టి వార్చుకోవచ్చు. మెతుకు రెండు వేళ్ళ మధ్య నలిపితే మధ్యలో తెల్లటి పలుకు తగలకూడదు, అంతే పరీక్ష. వార్చిన గంజిలో చిటికెడు ఉప్పేసుకుని పొయ్యి దగ్గరే తాగేయండి, అప్పటికి ఆకలి దంచేస్తూ ఉంటుంది.

వేపుడు దిగిన పొయ్యి మీద చారు. నానిన చింతపండు పిసికి, పిప్పి తీసేసి, అర లీటరు నీళ్ళు కలపండి. ఒక టమాటా చేత్తో చిదిమి వేయండి, ఉప్పు, పసుపు, చిన్న బెల్లం ముక్క. ఇది ఐదారు నిమిషాలు మరిగితే చింతపండు పచ్చివాసన పోతుంది. ఈలోపు కుక్కర్ ఆవిరి దిగి ఉంటుంది. మూత తీసి, పప్పు మీద తేలిన పలచటి కట్టు ఒక గరిటెడు తీసి చారులో పోయండి. ఒక చెంచా మిరియాలు, జీలకర్ర, ధనియాలు కచ్చాపచ్చాగా దంచి వేసి, ఒక్క పొంగు రాగానే కట్టేయాలి. పొడి పడ్డాక కూడా తెగ మరిగిస్తే వాసన ఇల్లంతా వస్తుంది, చారులో మాత్రం మిగలదు. చారు పని మరీ ఎక్కువ అనిపిస్తే తెలంగాణ ఇళ్ళలోలా పచ్చి పులుసు పెట్టుకోండి. చింతపండు రసంలో ఉల్లిపాయ, కాల్చిన పచ్చిమిర్చి, ఉప్పు పిసికి కలపడమే. పొయ్యితో పనే తక్కువ.

పప్పును పప్పుగుత్తితో మెదిపి, పై గిన్నెలోని టమాటా కలిపి, కాస్త చింతపండు రసం, ఉప్పు వేసి రెండు నిమిషాలు ఉడకనివ్వండి. ఇక మిగిలింది పోపు. ఒకే పోపు పెట్టి, సగం పప్పులో సగం చారులో వేసుకుంటే ఒక మూకుడు తోమే పని తప్పుతుంది.

పోపు మొత్తం ఒకటిన్నర నిమిషం. ఆ కాస్త సేపు ఫోన్ మోగినా తీయకూడదు. అన్నీ గరిటెకు అందేంత దూరంలో ఉండాలి, కరివేపాకు తడి లేకుండా తుడిచి ఉండాలి. రెండు చెంచాల నూనె కాగాక ఒక్క ఆవగింజ వేసి చూడండి. అడుగున పడి ఊరుకుంటే ఇంకా కాగలేదు, వెంటనే చిటిల్లితే సరి. ఆవాలు, మినప్పప్పు కలిపి వేయండి. ఆవాలు పేలడం మొదలుపెట్టి జోరు తగ్గేసరికి మినప్పప్పు బంగారు రంగుకొస్తుంది. అప్పుడు జీలకర్ర, అది నాలుగైదు సెకన్లలో రంగు మారుతుంది. వెనకే చిదిమిన వెల్లుల్లి, తుంపిన ఎండుమిర్చి. మిర్చి ఉబ్బి మెరవాలి, నల్లబడకూడదు. పొయ్యి కట్టేసి కరివేపాకు, ఆఖరున ఇంగువ. మాడితే మొహమాటం లేకుండా పారబోసి మళ్ళీ పెట్టండి. రెండు చెంచాల నూనె పోతుందని చూసుకుంటే గిన్నెడు పప్పు చేదెక్కుతుంది.

ఇంత హడావిడి ఎందుకంటే, ఈ దినుసుల వాసనల్లో ఎక్కువ భాగం నీళ్ళలో కరగదు, నూనెలో కరుగుతుంది. పసుపు రంగూ అంతే, మిరప ఘాటూ అంతే. ఆవాల కథ ఇంకా తమాషా. ఆవపిండిని తడిపితే గింజలోని ఒక ఎంజైమ్ పని మొదలుపెట్టి ముక్కుకెక్కే ఘాటు పుట్టిస్తుంది, ఆవకాయ కలిపేటప్పుడు కళ్ళు చెమర్చేది అందుకే. అదే గింజ కాగిన నూనెలో పడితే ఆ ఎంజైమ్ వేడికి చచ్చిపోతుంది, ఘాటు బదులు వేరుశనగ లాంటి కమ్మదనం మిగులుతుంది. ఇంగువ సంగతి తెలిసిందే, డబ్బా మూత తీస్తే మొహం తిప్పుకుంటాం, నూనెలో పడ్డాక మెడ సాచి వాసన చూస్తాం. ఇరాన్, ఆఫ్ఘనిస్తాన్‌ల నుంచి తెప్పించుకోవడమే గానీ నిన్నమొన్నటి దాకా మనం పండించింది లేదు. 2020 అక్టోబరులో హిమాచల్ ప్రదేశ్‌లోని లాహౌల్ లోయలో మొక్కలు నాటి సాగు మొదలుపెట్టారు. కొట్లో దొరికేది సాధారణంగా పిండి కలిపిన ఇంగువ. గోధుమ పడనివాళ్ళు డబ్బా మీద చదువుకుని కొనాలి.

వంట మధ్యలో అమ్మకు ఫోన్ చేయడం అందరం చేసే పనే. అడిగే తీరు మార్చుకుంటే ఆ ఫోన్ బాగా పనికొస్తుంది. "ఉప్పెంత వెయ్యాలమ్మా?" అంటే "తగినంత" అంటుంది. ఆవిడ దాచిపెట్టి చెప్పడం కాదు, ఆ చేతికి ఎప్పుడూ లెక్కతో పని పడలేదు. ఎంత అని కాకుండా ఎలా ఉన్నప్పుడు అని అడగండి.

"పోపులో మిరపకాయ ఎప్పుడు వెయ్యాలమ్మా?"

"ఆవాలు టపటపా పేలి, ఇంక చాల్లే అన్నట్టు ఆగుతాయి చూడు, అప్పుడు వెయ్యి. అది ఉబ్బగానే కరివేపాకేసి కట్టెయ్యి నాన్నా. ముందా ఫోన్ పెట్టెయ్, మాడిపోతుంది."

ఏ పుస్తకమూ ఇంతకంటే బాగా చెప్పలేదు. కాకపోతే ఈ మాటలు ఇంట్లో ఆడపిల్లలకు చెప్పినంతగా మగపిల్లలకు చెప్పరు, వాడికెందుకులే అంటారు. వాడు పాతికేళ్ళొచ్చి వేరే ఊళ్ళో ఉద్యోగంలో చేరాక తెలుస్తుంది ఎందుకో.

ఉప్పు మాత్రం మొదట్లో కొలిచే వేయండి. ఈ పప్పుకి చిన్న చెంచా నిండా కల్లుప్పు, మెత్తటి ఉప్పయితే ముప్పావు చెంచా. కల్లుప్పు పలుకుల మధ్య ఖాళీ ఉంటుంది కాబట్టి చెంచా ఒకటే అయినా బరువు తగ్గుతుంది. ఎక్కువైతే బంగాళాదుంప ముక్క వేయమంటారు. దుంప ఉప్పు నీటిని పీలుస్తుందే గానీ అందులోంచి ఉప్పొక్కటే ఏరుకోదు. నీళ్ళు పోసి పలచన చేయడం, లేదా ఉప్పు లేని పప్పు ఇంకాస్త ఉడికించి కలపడం, ఈ రెండే దారులు. కారం ఎక్కువైతే నెయ్యి, పులుపు ఎక్కువైతే బెల్లం. ఏం తక్కువైందో తెలియకుండా చప్పగా ఉంటే ముందు నాలుగు చుక్కలు నిమ్మరసం పిండి చూడండి, ఉప్పు జోలికి తర్వాత పోవచ్చు.

అమెరికాలోనో జర్మనీలోనో అపార్ట్‌మెంట్‌లో ఉన్నవాళ్ళకు రెండు మూడు మాటలు. కాయిల్ స్టవ్ కట్టేసినా వేడి వదలదు, పోపు మూకుడు ఎత్తి పక్కన పెట్టాల్సిందే. నూనె పొగ రానీయకుండా, ఎగ్జాస్ట్ ముందే వేసుకుని, మూత చేతిలో పట్టుకుని పోపు పెడితే స్మోక్ అలారం నోరెత్తదు. ఇండక్షన్ మీద ఇంటి నుంచి తెచ్చుకున్న అల్యూమినియం మూకుడు పనిచేయదు. ఫ్రోజెన్ బెండకాయ కరిగేదాకా ఆగకండి, గడ్డకట్టినట్టే మూకుట్లో వేయండి. చలికాలంలో పాలు తోడుకోకపోతే గిన్నెను ఓవెన్‌లో పెట్టి, ఓవెన్ వేయకుండా లోపలి లైటు ఒక్కటే వేసి ఉంచండి, తెల్లారేసరికి పేరుకుంటుంది. పాలు మాత్రం వేలు పెడితే గోరువెచ్చగా ఉన్నప్పుడే తోడెయ్యాలి.

మొదటి నెల ఇదే భోజనం వండండి, వారానికి ఒక్కసారి, సెలవు రోజున. ఎవర్నీ పిలవొద్దు. మొదటిసారి గంటకు బదులు రెండు గంటలు పడుతుంది, పట్టనివ్వండి. ప్రతివారం కొత్త వంటకం వెతుక్కునేవాళ్ళు ప్రతివారం కొత్తగా తడబడతారు. వరస చేతికెక్కాక మార్పులు వాటంతట అవే వస్తాయి. టమాటా బదులు పాలకూర, బెండకాయ బదులు దొండకాయ. పప్పులోకి దోసకాయ తెచ్చినరోజు మాత్రం తరిగే ముందు చిన్న ముక్క నోట్లో వేసుకోండి, ఒక్కో కాయ చేదుంటుంది. గోంగూర వేస్తే చింతపండు అక్కర్లేదు. నలుగురిని పిలిచిన రోజున పప్పు, కూరలు మూడింతలు చేసినా పోపు నూనె రెండింతలు చాలు. బెండకాయ ఒకే మూకుట్లో కుక్కకండి, విడతలుగా వేయించండి. కిక్కిరిస్తే వేగడం మానేసి ఉడుకుతాయి.

తిన్నాక కుక్కర్ గిన్నెల్లో నీళ్ళు పోసి వదిలేయండి, పప్పు ఎండితే రాయి. మిగిలిన అన్నాన్ని పళ్ళెంలో పరిచి చల్లార్చి రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టండి. బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉడికించినా చావవు, వెచ్చగా ఉన్న అన్నంలో మేల్కొని పెరుగుతాయి, అవి వదిలే విషాల్లో ఒకటి మళ్ళీ వేడి చేసినా పోదు. ఫ్రిజ్‌లో పెట్టిన అన్నం మర్నాటికి పొడిపొడిగా ఉంటుంది, నిమ్మకాయ పులిహోరకు అదే బాగుంటుంది. పప్పు గట్టిపడుతుంది. దాన్ని అలాగే పొయ్యి మీద పెడితే అడుగంటుతుంది కాబట్టి ముందు పావు గ్లాసు వేడినీళ్ళు పోసి కలిపి, ఆ తర్వాత సన్నమంట మీద పెట్టండి.